ఏప్రిల్‌లో కరపత్రం వద్దు మంత్రిగారూ, దసరాకు ముందు డ్రిల్ పెట్టించండి

గౌరవనీయులైన హోం, విపత్తు నిర్వహణ శాఖ మంత్రి గారికి,

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు. 1944లో బొంబాయి రేవులో మంటలార్పుతూ ప్రాణాలు వదిలిన 66 మంది అగ్నిమాపక సిబ్బంది పేరు మీద పెట్టిన తేదీ అది, మార్చమని ఎవరూ అడగడం లేదు. కానీ ఆ వారం విజయవాడ బడుల్లో ఏం జరుగుతుందో మీ శాఖకు తెలియదా? 14న అంబేద్కర్ జయంతి సెలవు. తక్కిన రోజులు ఒంటిపూట బడి, వార్షిక పరీక్షలు. ఆ వెంటనే వేసవి సెలవులు. పరీక్ష రాసి ఎండలో ఇంటికి పోతున్న పిల్లాడి చేతిలో కరపత్రం పెట్టి, బ్యానర్ ముందు ఫొటో తీసుకుని 'విద్యార్థులకు అవగాహన' అని రాసేసుకుంటే పనైపోయినట్టే. బడులకు వేరే తేదీలు ఇవ్వండని పెట్టిన అర్జీలు ఏ బల్ల మీద నిద్రపోతున్నాయో!

పొగలో నిలబడకూడదు, కిందికి వంగి పాకాలి అని చెప్పడం నిమిషం పని. కళ్ళకు గంతలు కట్టి, ఒక చెయ్యి గోడకు ఆనించి, తరగతి నుంచి మెట్ల దాకా పాకించాలి, అప్పుడు వస్తుంది. మూసిన తలుపును అరచేత్తో కాదు, చేతి వెనకవైపుతో తాకి చూడాలి. బట్టలంటుకుంటే పరుగెత్తకుండా ఆగి, ముఖం చేతులతో కప్పుకుని నేల మీద దొర్లాలి. కాలిన చోట 20 నిమిషాలు కుళాయి నీళ్ళు పారాలి, టూత్‌పేస్టు పూయకూడదు. గ్యాస్ వాసన వస్తే స్విచ్ వెయ్యనూ కూడదు, ఆపనూ కూడదు. వంటగ్యాస్ గాలికంటే బరువు, నేలమట్టంలోనే ఉండిపోతుంది. తలుపులు బార్లా తీసి, రెగ్యులేటర్ ఆపి, బయటికొచ్చాకే గ్యాస్ లీకుల హెల్ప్‌లైన్ 1906కు ఫోన్. ఇన్ని సంగతులు కరపత్రంలో ఎలా పట్టించారో మాకైతే అర్థం కాదు.

చిన్నపిల్లల విషయం ఇంకా వేరు. మంట చూస్తే వాళ్ళు మంచం కిందో బీరువా వెనకో దాక్కుంటారు. ముఖానికి మాస్కు, వీపున గాలి సిలిండరు, బుస్సుమంటూ ఊపిరి చప్పుడు. అలా వచ్చే ఫైర్‌మన్‌ని చూసి ఇంకా లోపలికి జరుగుతారు. అందుకే ఫైర్‌మన్ మామూలు ముఖంతో పిల్లల ముందు కూర్చుని, ఒక్కొక్కటే తొడుక్కుని, మాస్కులోంచి వాళ్ళతో మాట్లాడాలి. ఇది కరపత్రం చేసే పని కాదు.

ఇక గోడకు తగిలించిన, మంటలార్పే ఎర్ర సిలిండర్లు. 'మీటరు ముల్లు పచ్చగీతలోనే ఉంది కదా' అంటారు. ఆ ముల్లు చూపేది లోపలి వాయువు ఒత్తిడిని మాత్రమే. ఏళ్ళ తరబడి కదపకపోతే మంటలార్పే పొడి అడుగున గడ్డకడుతుంది, నొక్కితే వాయువు తుస్సుమని పోతుంది తప్ప పొడి రాదు. అంతా బాగున్నా 6 కిలోల సిలిండరు అరనిమిషం లోపే ఖాళీ. పిన్ను లాగి, గొట్టం మంట మొదట్లోకి గురిపెట్టి, పిడి నొక్కుతూ అటూ ఇటూ ఊపడం టీచర్లకు, మధ్యాహ్న భోజనం వండే అమ్మలకు ముందే అలవాటవ్వాలి. మంట నాలుకల మీద కొడితే ఆ అరనిమిషమూ దండగ. కాస్త వాడి పక్కన పెట్టినా వాల్వులో పొడి ఇరుక్కుని ఒత్తిడి కారిపోతుంది, మళ్ళీ నింపించాల్సిందే. ఆ ఖర్చు ఎవరిదో తేలక ఎవరూ దాన్ని ముట్టుకోరు. 2004లో తమిళనాడులోని కుంభకోణం ఊరి బడిలో 94 మంది పిల్లలు పోయింది వంటపాకలో పుట్టిన మంటకే. టీచర్లకు శిక్షణ ఇవ్వాలని సుప్రీంకోర్టు 2009లోనే చెప్పింది. మీకు గుర్తుచేయాల్సి రావడం మా ఖర్మ.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు ముంచినప్పుడు సింగ్‌నగర్ ఇళ్ళలో బురద కడిగింది ఫైర్ సిబ్బందే. వాళ్ళంటే పిల్లలకు ఇప్పటికే అభిమానం. దయచేసి వాళ్ళ చేతికి గులాబీ ఇప్పించి, ఫొటో దిగగానే పంపేయకండి. నీళ్ళు నిండిన గొట్టాన్ని నలుగురు పిల్లల చేత మోయించండి, దాని బరువేమిటో వాళ్ళకే తెలుస్తుంది. ఫైర్ స్టేషన్ నంబరు 101కి ఆటపట్టించే ఫోన్ చేస్తే ఏ ఇంటి మంటకు బండి అందకుండా పోతుందో ఆ సిబ్బంది నోటితోనే చెప్పించండి.

అడిగేది ఒక్క సర్క్యులర్. దసరా సెలవులకు ముందే బడులకు తేదీలు ఇవ్వండి. ఆ తర్వాత సిబ్బందికి టపాసుల దుకాణాల తనిఖీలతోనే సరిపోతుంది. మధ్యలో కాల్ వస్తే బండి వెళ్ళిపోతుంది కాబట్టి, ప్రతి బడికీ రెండో తేదీ కూడా రాసిపెట్టండి. వాడిన సిలిండర్లు నింపించే డబ్బు ఎక్కడినుంచో అందులోనే తేల్చండి. డ్రిల్ రోజున కొలాప్సిబుల్ గేటు తాళంచెవి వాచ్‌మన్ జేబులో దొరికితే, ఆ బడికి సర్టిఫికెట్ ఇవ్వకండి.

ఇట్లు,
విజయవాడ నగర ఉపాధ్యాయులు కొందరు