ఈ నెల షీట్లు పంపలేదు

కావలి,
ఆదివారం రాత్రి.

అబ్బయ్యా,

ఫోన్లో చెబుదామంటే రెండో మాటకే "సరేలే నాన్నా" అని పెట్టేస్తావు. అందుకని మందుల షాపు మూసి, లెక్క చూసుకుని, సరుకు రాసుకునే పుస్తకం వెనక పేజీల్లో ఇది రాస్తున్నాను. చేతిరాత అర్థం కాకపోతే మీ అమ్మకు ఫోన్ చెయ్యి. ఇన్నేళ్ళు డాక్టర్ల రాత చదివి చదివి నాదీ అట్టాగే తయారైంది.

మొన్న బుధవారం రాత్రి అడిగావు కదా, "నాన్నా, ఆ జుట్టు మాత్ర ఆపేస్తే ఏమవుతుంది?" అని. నేను ఠక్కున "ఏమవుతుంది, నిలబడిన జుట్టు పోతుంది" అన్నాను. కౌంటర్లో నిలబడి బేరానికి వచ్చినవాడికి చెప్పినట్టు చెప్పాను. ఎందుకు ఆపాలనుకుంటున్నావో అడగలేదు. ఫోన్ పెట్టేశాక మీ అమ్మ "వాడి గొంతు ఎట్టుంది?" అంది. నేను గమనించలేదు. ఆమెకు వంటింట్లోంచే వినిపించింది.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. మూడేళ్ళ కిందట సంక్రాంతికి వచ్చినప్పుడు, బీరువా అద్దానికి వీపు పెట్టి నిలబడి, ఫోన్ నెత్తి వెనక్కి పట్టుకుని ఫోటోలు తీసుకుంటున్నావు. ఒకటి తీయడం, చూసుకోవడం, చెరిపేయడం, మళ్ళీ తీయడం. నేను టవల్ కోసం వచ్చి తలుపు దగ్గరే ఆగిపోయాను. నువ్వు చూడలేదు. మర్నాడు నువ్వు బస్సెక్కేటప్పుడు మీ అమ్మ ఇచ్చిన అరిసెల సంచిలో ఒక కవరు పెట్టాను. అందులో మూడు షీట్ల జుట్టు మాత్రలు, నెత్తికి రాసుకునే లోషన్ ఒక సీసా. అప్పట్నించీ నెల నెలా పంపుతూనే ఉన్నాను. అది డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడని మందు. బయటివాడు చీటీ లేకుండా వస్తే "లేదు పో" అనే మనిషిని, నా కొడుకు నెత్తి చూసి ఆగలేకపోయాను. చర్మం డాక్టరుకు ఒక్కసారి చూపించమని కూడా అనలేదు.

నీకు తెలియని సంగతి ఒకటి చెప్పనా? షాపులో కండోమ్ అడిగేవాళ్ళకంటే జుట్టు మందు అడిగే కుర్రాళ్ళే ఎక్కువ సిగ్గుపడతారు. దీపాలు పెట్టే వేళకు వస్తారు. పక్కన ఎవరైనా ఉంటే తలనొప్పి మాత్ర కొనుక్కుని పోయి, పది నిమిషాలకు మళ్ళీ వస్తారు. టోపీ తియ్యరు. నువ్వు వీడియో కాల్లో టోపీతో కనబడ్డ ప్రతిసారీ నాకు వాళ్ళే గుర్తొస్తారు.

నీ పుట్టువెంట్రుకలు మాలకొండలో తీయించాం. శనివారం మాత్రమే తెరిచే గుడి కదా, ఆ రోజు కొండ నిండా జనం. కత్తి పట్టిన మంగలి నీ నడినెత్తి తడిమి, "రెండు సుడులు సామీ, రెండు పెళ్ళిళ్ళు" అన్నాడు. మీ అమ్మ కోపంతో వాడికి ఇవ్వాల్సిన దాంట్లో పది రూపాయలు తగ్గించింది. ఇప్పుడు పలచబడిందంటున్నది సరిగ్గా ఆ రెండు సుడుల దగ్గరే.

బెంగళూరు బోరు నీళ్ళ వల్లే అని మీ అమ్మ ఇప్పటికీ వాదిస్తుంది. నీళ్ళు కాదు, హెల్మెట్టూ కాదు. నేను. ఈ గుణం తల్లివైపు నుంచీ తండ్రివైపు నుంచీ కూడా వస్తుందిగానీ, మీ మేనమామల ఒత్తు జుట్టు చూశాక ఆ మాట పైకి అనే ధైర్యం నాకు లేదు. ఒంట్లో ఉండే మగ హార్మోన్ టెస్టోస్టిరాన్‌ని ఒక ఎంజైము డీహెచ్‌టీ అనే ఇంకో హార్మోన్‌గా మారుస్తుంది. ఈ గుణం ఉన్నవాళ్ళకు నుదుటి పక్కలా, నడినెత్తినా ఉన్న కుదుళ్ళు దానికి తట్టుకోలేవు. వెంట్రుక ఒక్కసారిగా పోదు. రాలిన ప్రతిసారీ, దాని చోట వచ్చేది ముందుదానికంటే సన్నంగా, పొట్టిగా వస్తుంది. చివరికి నూగు మిగులుతుంది. నువ్వు వేసుకునే ఫినాస్టెరైడ్ ఆ ఎంజైముకు అడ్డుపడుతుంది, అంతే. ముసలాళ్ళకు ప్రొస్టేట్ వాపుకు నేను రోజూ ఇచ్చే 5 మిల్లీగ్రాముల మాత్రా, నీ 1 మిల్లీగ్రాము మాత్రా ఒకటే మందు. అమెరికాలో ఆ పెద్దది 1992లో, జుట్టు కోసం చిన్నది 1997లో వచ్చాయి. లోషన్లోని మినాక్సిడిల్ అయితే మొదట బీపీ మాత్ర. వాడినవాళ్ళకు ఒళ్ళంతా వెంట్రుకలు మొలవడం చూసి నెత్తికి మళ్ళించారు.

మందు మంచిదే. నీకు పనిచేసింది కూడా. నుదుటి దగ్గర పోయింది తిరిగి రాలేదుగానీ, నడినెత్తిన మూడేళ్ళు నిలబడింది. నిలబడటమే ఈ మందులో పెద్ద లాభం. ఆ సంగతి చెప్పకుండానే కదా, నువ్వు పోయిన ఆ క్లినిక్‌లో నలభై అయిదు వేల ప్యాకేజీ అంటగట్టింది. దాని పేరు ఎందుకులే. వాళ్ళు గోడకు తగిలించిన ఫోటోలు నువ్వు పంపావు కదా, భూతద్దం పెట్టి చూశాను. "ముందు" ఫోటోలో తల తడిగా ఉంది, పైన ట్యూబులైటు. "తర్వాత" ఫోటోలో తల ఆరబెట్టి దువ్వారు, వెలుతురు పక్కనుంచి. ఆ లెక్కన అయితే నేను కూడా మా బాత్రూంలో రోజూ ముందు, వరండాలో తర్వాత.

ఇప్పుడు తండ్రీ కొడుకులు మాట్లాడుకోరనే సంగతి. మందుల షాపువాణ్ణి కాబట్టి రాసేస్తున్నాను, నువ్వు కూడా సిగ్గుపడకుండా చదువు. ఈ మాత్ర వల్ల కొందరికి కోరిక తగ్గుతుంది, పటుత్వం తగ్గుతుంది. కంపెనీ పరీక్షల్లో ఇట్టాంటి ఇబ్బంది వచ్చినవాళ్ళు వందకు నలుగురిలోపు. మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో కూడా వందకు ఇద్దరు ఆ మాటే చెప్పారు. మందు ఆపితే చాలామందికి సర్దుకుంటుంది. ఆపాక కూడా ఇబ్బంది పోలేదని చెప్పినవాళ్ళూ ఉన్నారు. వీర్యం నాణ్యత తగ్గొచ్చు కూడా. పిల్లల కోసం చూసేటప్పుడు డాక్టరుతో ఆ మాట అనుకోవాలి.

నాకు అంతకంటే భయం వేరేది. 2025లో యూరప్ మందుల సంస్థ ఈ మాత్ర తీసుకునేవాళ్ళలో చనిపోవాలనే ఆలోచనలు రావడం ఒక దుష్ప్రభావమేనని నిర్ధారించింది. ఎంతమందికో లెక్క తేల్చలేదు, మందు పనికిరాదనీ అనలేదు. కానీ అది చదివిన రోజు కూడా నీ పార్శిల్ కట్టి పంపాను. చెయ్యి అలవాటుగా కట్టేసింది. నువ్వు ఆరు నెలలుగా ముభావంగా ఉన్నావని మీ అమ్మ అంటూనే ఉంది. అది మాత్ర వల్లో, ఆఫీసు టెన్షన్ వల్లో, అద్దం వల్లో ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను. ఒక్కటి మాత్రం విను. బతకాలని లేదనే ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ మాత్ర అక్కడితో ఆపెయ్. వెంటనే డాక్టరును కలువు, నాకు ఫోన్ చెయ్యి, రాత్రి ఎన్ని గంటలైనా సరే. దొరికిన బస్సెక్కి తెల్లారేసరికి నీ గది ముందుంటాను. అట్టాంటి ఆలోచన రాలేదంటావా, అప్పుడు తీరిగ్గా తేల్చుకుందాం.

ఆపితే గుండైపోతావని భయపెడతారు. అట్టా జరగదు. మందు పట్టి నిలిపిన జుట్టు ఏడాదిలోపు పోయి, మందే వాడకుండా ఉంటే ఈపాటికి ఎట్టుండేవాడివో అట్టా అవుతావు. లోషన్ ఆపినా అంతే, మూడు నాలుగు నెలల్లో తెలుస్తుంది. రెండూ ఒకే రోజు మాత్రం మానెయ్యకు. ఆ తర్వాత మనసు తేలికపడినా, జుట్టు రాలినా, ఏది దేనివల్లో తెలియదు. మాత్ర మానేసి లోషన్ ఒక్కటే ఉంచుకున్నవాళ్ళు ఉన్నారు. రెండూ మానేసి మెషిన్ పెట్టించుకుని హాయిగా తిరిగేవాళ్ళు ఉన్నారు. జుట్టు నాటించుకుంటానని కూడా ఒకసారి అన్నావు. నాటింది ఉంటుంది, చుట్టుపక్కల ఉన్న సొంత జుట్టు రాలడం ఆగదు. దాన్ని నిలబెట్టుకోవాలంటే మళ్ళీ ఈ మాత్ర దగ్గరికే రావాలి. అప్పు చేసి ఆ పని చెయ్యకు.

ఒంగోలు సంబంధం గురించి మీ అమ్మ ఏమంటుందో నీకు తెలుసు. "పెళ్ళయ్యేదాకా వేసుకోమను, తర్వాత వాడిష్టం" అంటుంది. ఆమె బాధ ఆమెది. నాకు మాత్రం అది నచ్చలేదు. మధ్యవర్తికి మనం ఇచ్చింది నువ్వు 2019లో దిగిన ఫోటో. ఇచ్చింది నేనే. మామిడిపండు రంగు పోకముందే అమ్మేసినట్టు ఉంది వ్యవహారం. టోపీ లేకుండా ఇప్పుడు దిగిన ఫోటో ఒకటి పంపు. అది చూసి వద్దనేవాళ్ళు ఇప్పుడే వద్దంటారు.

నా సంగతి చెబుతా. 1994లో పెళ్ళినాటికే నాకు ముందంతా ఖాళీ. ఎడమ చెవి మీద ఒక పాయ జానెడు పెంచి, కొబ్బరినూనె రాసి కుడివైపుకు తిప్పి అంటించేవాణ్ణి. పెళ్ళిచూపులకు అట్టాగే పోయాను, పెళ్ళి ఫోటోల్లోనూ అదే. పెళ్ళయిన పదిహేను రోజులకు తుమ్మలపెంట సముద్రానికి తీసుకుపోయాను. గాలికి ఆ పాయ లేచి జెండాలాగా ఎగిరింది. మీ అమ్మ చేతిలో మరమరాల పొట్లం ఉంది. పొట్లం కిందపడేసి నవ్వింది. నేను మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు ఆమే కత్తెర తెచ్చి, "కూర్చోండి" అంది. నువ్వు పుట్టేనాటికి నేను ఇప్పుడున్నట్టే ఉన్నాను.

బెంగళూరులో చర్మం డాక్టరును చూడు. ప్యాకేజీలమ్మే చోటు వద్దు, పెద్ద ఆసుపత్రిలో ఓపీకి పో. మూడేళ్ళుగా వాడుతున్నానని చెప్పు, ఎవరిచ్చారంటే మా నాన్న అని చెప్పు. మనసు బాగుండట్లేదన్నది ముందు చెప్పు, జుట్టు సంగతి తర్వాత. ఇంకో మాట, ఈ మాత్ర వేసుకునేవాళ్ళు ఆపిన నెల దాకా రక్తదానం చెయ్యకూడదు. మీ ఆఫీసులో క్యాంపు పెడితే నువ్వు ముందుంటావు కాబట్టి చెబుతున్నా. ఇది కూడా నేను మొదట్లోనే చెప్పి ఉండాల్సింది.

ఈ నెల షీట్లు నేను పంపలేదు. కౌంటర్ కింద సొరుగులో, రబ్బరు బ్యాండు వేసి పెట్టాను. నీ దగ్గర ఇంకా పది రోజులకు సరిపడా ఉంటాయని నా లెక్క. డాక్టరు వాడమని రాస్తే చీటీ ఫోటో పెట్టు, ఆ సాయంత్రమే పార్శిల్ వేస్తాను. వద్దంటే, లేదా నువ్వే వద్దనుకుంటే, ఒక మాట చెప్పు, మళ్ళీ అరలో సర్దేస్తాను. మీ అమ్మ చేపల పులుసు చేసిన రోజు చూసుకుని ఒక శనివారం రా.

నాన్న