బేగంపేట పాత టెర్మినల్‌లో ఒక్క గది ఇప్పించండి: మంత్రిగారికి బహిరంగ లేఖ

కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రిగారికి నమస్కారం.

2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరిచాక మా హైదరాబాద్ బేగంపేట విమానాశ్రయంలో మామూలు ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. వాటిని మళ్లీ తెమ్మని అడగడం లేదు. డాబా మీద మాట్లాడుకుంటున్నవాళ్లు విమానం దాటేదాకా నోరు మూసుకుని ఆగడం పక్కనే ఉన్న రసూల్‌పురా వాళ్లకు తెలుసు. ఆ మోత మళ్లీ ఎవరిక్కావాలి?

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇక్కడ పైలట్ల శిక్షణ పాఠశాల నడిచింది. కుర్రాళ్లు టైగర్ మాత్ విమానాల మీద చేయి తిప్పుకున్నారు. ముందొక సీటు, వెనకొక సీటు, పైన కప్పు లేదు, రెక్కలకు గుడ్డ తొడుగు. అందులో ఎక్కడమే గొప్ప, నన్నడిగితే! తర్వాత నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి పెట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్ కంపెనీ డకోటా విమానాలు ఇక్కడి నుంచే ఎగిరాయి. 1953లో జాతీయం చేసి దాన్ని ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిపేశారు.

ఇవన్నీ పిల్లలకు చూపించడానికి పాత టెర్మినల్‌లో ఒక గది ఇప్పించండి. వింగ్స్ ఇండియా విమానాల ప్రదర్శనకు గేట్లు తీస్తున్నారు కదా (ఆ రోజుల్లో ట్రాఫిక్ సంగతి చెప్పనక్కర్లేదు), ఆదివారం మధ్యాహ్నాలు కూడా తీయించండి. ఈ విమానాశ్రయాన్ని వాడుకుంటున్న వైమానిక దళం వాళ్ల భద్రతా టెన్షన్ మాకు అర్థమవుతుంది. రన్‌వే దాకా రానివ్వక్కర్లేదు, రోడ్డు వైపు భాగం చాలు.

జవాబు తెలుగులో పంపితే మా కాలనీ నోటీసు బోర్డుకు అంటిస్తాం.

ఇట్లు,
బేగంపేట వాసి