వృద్ధాశ్రమాల్లో ఈ కట్లు ఎందుకు?

సంపాదకుల గారికి నమస్కారం.

డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్న పెద్దవాళ్లను చూసుకుంటామంటూ ఊరి చివర వెలుస్తున్న హోముల్లో వాళ్లను కట్టేయడం గురించి ఈ ఉత్తరం. నేను ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. మా అన్నయ్య అలాంటి ఒక హోములో ఉంటున్నాడు. ఆర్టీసీ డ్రైవరుగా ఏళ్ల తరబడి ఫస్ట్ సర్వీసు తోలిన మనిషి. ఇప్పటికీ తెల్లవారుజామున మూడున్నరకే లేచి గేటు వైపు నడుస్తాడు. సంక్రాంతి ముందు చెప్పకుండా వెళ్లి చూస్తే, నడుం చుట్టూ చున్నీ తిప్పి కుర్చీ వెనక ముడేసి ఉంది. "పడి తుంటి విరిగితే మీరే కదమ్మా మమ్మల్ని అడిగేది" అంది ఆయా. ఆమె మీద నాకు కోపం రాలేదు. రాత్రిపూట 22 మందికి ఆమె ఒక్కతే.

కానీ కడితే పడరన్నది నిజం కాదు. కట్టిన మనిషి పెనుగులాడి కుర్చీతో సహా బోర్లా పడతాడు. రోజంతా కూర్చోబెడితే కాళ్లలో సత్తువ పోతుంది, విప్పాక ఇంకా త్వరగా పడతాడు. కదలకుండా ఉంటే ఒంటి మీద పడే ఒత్తిడి పుండ్ల సంగతి వార్డుల్లో చేసినవాళ్లకు చెప్పక్కర్లేదు. చేతికర్ర దాచేయడం, లేవకుండా డైపర్ వేసేయడం, రాత్రి గొడవ చేస్తున్నాడని మత్తు మాత్ర మింగించడం కూడా కట్టేయడమే. డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో కొన్ని యాంటీసైకోటిక్ మందుల (తీవ్ర మానసిక రోగాలకు వాడేవి) వల్ల మరణాలు పెరుగుతాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లోనే హెచ్చరించింది. ఇక్కడేమో "నిద్రమాత్రేలెండి" అంటారు.

అన్నయ్య మందుల చీటీ అడిగి చూశాను. మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే నీళ్ల మాత్ర రాత్రి భోజనం తర్వాత వేస్తున్నారు! లేవక ఏం చేస్తాడు? డాక్టరుతో మాట్లాడి దాన్ని పొద్దుటికి మార్పించాం. ఎత్తు తక్కువ మంచం వేయించాం. లేవగానే వాచ్‌మన్ టీ ఇచ్చి వరండాలో కాసేపు తిప్పుతున్నాడు. కొన్ని రాత్రులు ఇంకా లేస్తాడు, తిడతాడు కూడా. చున్నీతో మాత్రం మళ్లీ కట్టలేదు.

2001 ఆగస్టు 6న తమిళనాడు ఎర్వాడిలో పాకకు నిప్పంటుకుని, గొలుసులతో కట్టేసి ఉంచిన మానసిక రోగులు 28 మంది చనిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులను నిషేధించింది. అప్పటికప్పుడు ప్రమాదం ఉండి, వేరే దారి లేకపోతేనే, సైకియాట్రిస్టు అనుమతితో, కారణం రాసిపెట్టి నిర్బంధించాలని 97వ సెక్షన్ చెబుతోంది. సిబ్బంది తక్కువన్న సాకుతో కట్టకూడదని కూడా అందులోనే ఉంది. "మాది వృద్ధాశ్రమం, పిచ్చాసుపత్రి కాదు" అని హోము మేనేజరు నాతో వాదించాడు. ఆ చట్టం మానసిక అనారోగ్యానికి ఇచ్చిన నిర్వచనంలో జ్ఞాపకశక్తి తీవ్రంగా దెబ్బతినడం కూడా ఉందని ఆయనకు తెలియదు. అధికారులైనా ఈ విషయం తేల్చి చెప్పి, ప్రతి హోములో రిజిస్టరు పెట్టించాలి: ఎవరిని, ఎందుకు, ఎంతసేపు కట్టారు, ఎవరు విప్పారు.

పిల్లలకూ ఒక మాట. "కట్టేయండి, ఫర్వాలేదు" అని అమెరికా నుంచి ఫోన్‌లో చెప్పేసేవాళ్లున్నారు. మీకు ఫర్వాలేకపోవచ్చు, కట్టేది మిమ్మల్ని కాదుగా.

చివరగా మీకే ఒక విన్నపం. మీ పత్రికలో ఈ హోముల ప్రకటనలు వస్తుంటాయి. ఏసీ గదులు, సీసీ కెమెరాలు, శాకాహార భోజనం అన్నీ రాస్తారు. రాత్రి డ్యూటీలో ఎంతమందికి ఒక ఆయా ఉంటుందో కూడా రాయమని వాళ్లను అడగండి.

– ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు, తెనాలి