అనుమతి వచ్చేలోగా దూలం మిగలదండీ: పురాతన కట్టడాల అధికారికి బహిరంగ లేఖ

మా కౌన్సిల్ పురాతన కట్టడాల అధికారి గారికి,

నమస్కారం. మా ఇంటి గోడ మీది సిమెంటు తీసేసి, సున్నం పూసి, పుచ్చిన దూలం బాగుచేసుకోవడానికి అనుమతి కోసం ఇంగ్లీషులో పెట్టిన అర్జీలన్నిటికీ 'పరిశీలనలో ఉంది' అన్న ఒక్క జవాబే వచ్చింది. అందుకే ఈసారి తెలుగులో రాస్తున్నాను. మీకు అర్థం కాకపోయినా కొత్తగా పోయేదేమీ లేదు, మావాళ్లైనా చదువుతారు.

ఇంగ్లండులో సఫోక్‌లోని మా పాత రైతు ఇల్లు మొదట పొగగొట్టమే లేని ఒక పెద్ద హాలు. నడిమధ్య నేల మీద పొయ్యి. ఆ మసి అటక వాసాలకు ఇంకా అంటుకునే ఉంది. తర్వాతి తరాలవాళ్లు ఇటుకల పొగగొట్టం కట్టి, హాలు మధ్యలో పై అంతస్తు వేసుకున్నారు. ఎవరి అనుమతీ అడగలేదు. అదృష్టవంతులు, అప్పటికి మీ ఆఫీసు లేదు. వాళ్లు చేసిన ఆ మార్పులనే ఇవాళ మీరు 'చారిత్రక విలువ' అంటున్నారు.

గోడలు ఓక్ చెక్క చట్రం, మధ్యలో తడికలు, వాటి మీద బంకమట్టి, గడ్డి, పేడ కలిపి మెత్తిన పూత, పైన సున్నం. గోదావరి జిల్లాలో మా అమ్మమ్మ ఇంటి గోడ లాంటిదే. తడిసినా తనంతట తానే ఆరిపోయే గోడ అది. గత శతాబ్దంలో ఎవరో మహానుభావుడు దాని మీద సిమెంటు కొట్టించాడు. పగుళ్లలోంచి నీళ్లు లోపలికి పోతాయి, బయటికి రావు. గోడ అడుగున ఉన్న దూలంలో స్క్రూడ్రైవర్ గుచ్చితే పిడిదాకా దిగుతోంది. నానిన ఓక్‌ను తొలిచే డెత్‌వాచ్ పురుగు కూడా చేరింది. దానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు కదా!

మాకు మాత్రం కావాలి. గ్రేడ్ 2 ఇల్లు, అంటే చారిత్రక కట్టడాల జాబితాలో ఉన్నది; అడక్కుండా చెయ్యేస్తే అలాంటి కట్టడాల కోసం చేసిన 1990 చట్టం ప్రకారం నేరం. సరే, అడిగాం. మీ ఎనిమిది వారాల గడువు ఎప్పుడో దాటిపోయింది. ఆ సిమెంటు కూడా ఇంటి చరిత్రలో భాగమేమో తేల్చే రిపోర్టు కావాలన్నారు, ఇచ్చాం. ఏ రకం సున్నం అన్నారు, చెప్పాం. ఇంతలో ఆఫీసరు మారారు, మళ్లీ ఆ మొదటి రిపోర్టే పంపమన్నారు! పైగా ఈ రిపేరుకు 20 శాతం వ్యాట్. అదే పక్క పొలంలో కొత్త ఇల్లు కట్టుకుంటే సున్నా. అది మీ చేతిలో లేదని తెలుసు, కడుపుమంట కొద్దీ అంటున్నాను.

దయచేసి ఒక్కసారి వచ్చి చూడండి. గడ్డకట్టే చలిలో సున్నం పని చెయ్యకూడదని నాకంటే మీకే బాగా తెలుసు. ఈ సెప్టెంబరు దాటితే మళ్లీ వసంతం దాకా ఆగాలి, దూలం ఆగదు. ఇస్తే ఇవ్వండి, లేదంటే లేదనైనా రాసివ్వండి, అప్పీలుకు వెళ్తాం.

ఇట్లు,
కాగితాల మీద ఆ ఇంటి యజమాని