పెట్టుబడి వచ్చింది సరే, పని ఎవరు నేర్చుకున్నారు? వాణిజ్య మంత్రులకు బహిరంగ లేఖ

వర్ధమాన దేశాల వాణిజ్య, పరిశ్రమల మంత్రులకు,

మంత్రి గారూ, నమస్కారం. ఎవరి పేరూ పెట్టకుండా రాస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. ఏ దేశంలో చూసినా ఈ కుర్చీలో కూర్చున్నవాళ్ల మాటలు దాదాపు ఒకేలా ఉంటున్నాయి. విదేశీ కంపెనీతో ఎంఓయూ అయిన రోజు ప్రెస్‌మీట్ పెడతారు, ఇన్ని కోట్ల డాలర్లు, ఇన్ని వేల ఉద్యోగాలు అంటారు, చివర్లో "టెక్నాలజీ కూడా వస్తుంది" అని ఒక ముక్క కలుపుతారు. నా గొడవంతా ఆ చివరి ముక్క గురించే. డాలర్లకి లెక్క ఉంటుంది, ఉద్యోగాలకి ఏదో ఒక లెక్క చూపిస్తారు, టెక్నాలజీ వచ్చిందా లేదా అని మాత్రం ఐదేళ్ల తర్వాత అడిగే నాథుడు ఉండడు.

బంగ్లాదేశ్ సంగతి మీకు తెలిసే ఉంటుంది, అయినా చెప్తాను. 1970ల చివర్లో దేశ్ గార్మెంట్స్ అనే కొత్త కంపెనీ దక్షిణ కొరియాకు చెందిన దేవూతో ఒప్పందం చేసుకుని 130 మందిని బూసాన్‌లోని ఫ్యాక్టరీకి ట్రైనింగ్‌కి పంపింది. అప్పటికి బంగ్లాదేశ్‌లో ఎగుమతికి బట్టలు కుట్టే పరిశ్రమ ఉందంటే ఉంది, లేదంటే లేదు. వెళ్లినవాళ్లు మిషన్ మీద కుట్టడంతో ఆగలేదు, లైన్ ఎలా నడపాలి, క్వాలిటీ ఎక్కడ తేడా కొడుతుంది, విదేశీ బయ్యర్‌తో ఏం మాట్లాడాలి, అన్నీ చూసొచ్చారు. తర్వాతి కొన్నేళ్లలో ఆ 130 మందిలో 115 మంది దేశ్‌ని వదిలేశారు. కొందరు సొంత ఫ్యాక్టరీలు పెట్టుకున్నారు, కొందరు వేరేవాళ్ల ఫ్యాక్టరీలు నిలబెట్టారు. ఓనర్‌కి గట్టి దెబ్బే, పాపం. దేశానికి మాత్రం రెడీమేడ్ దుస్తుల ఎగుమతిలో ప్రపంచంలో ముందు వరస దక్కింది. ప్రభుత్వం కూడా ఊరికే కూర్చోలేదు, ఎగుమతి ఆర్డర్ చూపించి బట్ట దిగుమతికి ఎల్‌సీ (అమ్మినవాడికి డబ్బు కడతానని బ్యాంకు ఇచ్చే హామీ పత్రం) తెరుచుకునే వీలు, సుంకం కట్టకుండా ముడిసరుకు తెచ్చి పెట్టుకునే బాండెడ్ వేర్‌హౌస్ ఇచ్చింది. ఇవి లేకపోతే ఆ 115 మంది ఎంత నేర్చుకున్నా చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే.

ఇప్పుడు మీ ఒప్పందాలు ఒకసారి తీసి చూడండి. విదేశీ కంపెనీలో పని నేర్చుకున్న ఇంజినీర్ బయటికొచ్చి సొంతంగా ఏదైనా పెడదామంటే, ఇన్నేళ్లు ఈ రంగంలో అడుగుపెట్టకూడదని అపాయింట్‌మెంట్ లెటర్‌లోనే రాసి ఉంటే, మీరిచ్చిన టాక్స్ హాలిడేకి, అంటే కొన్నేళ్ల పన్ను మినహాయింపుకి, బదులుగా దేశానికి ఏం దక్కినట్టు?

విదేశీ కంపెనీ పక్కన ఉంటే చాలు, స్థానిక కంపెనీలకు తెలివి దానంతటదే అంటుకుంటుందన్న నమ్మకం కూడా వదులుకోవాలి. వెనిజులాలో 1976 నుంచి 1989 వరకు ఫ్యాక్టరీల లెక్కలు తీసి ఇద్దరు ఆర్థికవేత్తలు పరిశీలిస్తే, విదేశీ పెట్టుబడి పెరిగిన రంగాల్లో స్థానిక ఫ్యాక్టరీల ఉత్పాదకత తగ్గింది. మార్కెట్‌ని పెద్దవాడు లాక్కున్నాడు, చిన్నవాడు తక్కువ సరుకు చేస్తూ అదే ఖర్చు భరించాడు. లిథువేనియాలో అదే తరహా పరిశీలన చేస్తే వేరే సంగతి బయటపడింది. అక్కడ లాభపడింది విదేశీ కంపెనీకి సరుకు అమ్మే స్థానిక సప్లయర్లు. అది కూడా స్థానికులతో వాటా పంచుకున్న కంపెనీల విషయంలోనే, నూరు శాతం విదేశీ యాజమాన్యం ఉన్నచోట ఆ ఫలితం కనపడలేదు. అంటే కొనుగోలు ఆర్డర్ ఉన్నచోటే నేర్చుకోవడం ఉంది. డ్రాయింగ్ చేతికిస్తారు, సైజు తేడా వస్తే సరుకు వెనక్కి పంపిస్తారు, వాళ్ల ఇంజినీర్ వచ్చి నెత్తిన కూర్చుంటాడు, తిట్టుకుంటూనే అయినా పద్ధతి మారుతుంది. విడిభాగాలన్నీ కంటైనర్లలో దిగి, ఇక్కడ స్క్రూలు బిగించి మళ్లీ కంటైనర్లలో వెళ్లిపోయే ఫ్యాక్టరీ గోడ బయట ఎవరూ ఏమీ నేర్చుకోరు.

సుంకాల దగ్గరికి వద్దాం, ఇక్కడ నాకు కోపం కాస్త ఎక్కువే. స్వదేశీ పరిశ్రమని కాపాడుతున్నామంటూ మీరు సుంకం పెంచేది చాలాసార్లు విడిభాగాల మీద, యంత్రాల మీద, రసాయనాల మీద. చప్పట్లు కొట్టేది వాటిని తయారుచేసే ఒకరిద్దరు, నష్టపోయేది వాటితో ఏదో కొత్తది చేద్దామని చూసే వందలమంది. భారతదేశం 1991 తర్వాత సుంకాలు తగ్గించినప్పుడు ఏం జరిగిందో చూసిన పరిశోధకులు, స్వదేశీ కంపెనీలు ఆ తర్వాత మార్కెట్లోకి తెచ్చిన కొత్త ఉత్పత్తుల్లో 31 శాతానికి ముడిసరుకు, విడిభాగాల మీద సుంకం తగ్గడమే కారణమని తేల్చారు. అంతకుముందు అసలు దొరకని రకాలు దొరకడమే అందులో పెద్ద విషయం, ధర తగ్గడం తర్వాత సంగతి. బ్రెజిల్‌లో రెండు దారులూ పక్కపక్కనే కనిపిస్తాయి. 1984లో చట్టం చేసి కంప్యూటర్ల మార్కెట్‌ని స్వదేశీ కంపెనీలకే కేటాయించారు, జనానికి పాత టెక్నాలజీ ఎక్కువ ధరకు దొరికింది, చివరికి 1990ల మొదట్లో ఆ కేటాయింపు ఎత్తేయాల్సి వచ్చింది. అదే దేశంలో 1969లో పుట్టిన ఎంబ్రాయర్ ఇంజిన్లు బయటినుంచి కొనుక్కుంది, విమానం డిజైన్ మాత్రం తన చేతిలో పెట్టుకుంది, విదేశీ కొనుగోలుదారుల కోసం పోటీపడింది. ప్రభుత్వం చేయూత రెండిటికీ ఉంది, కాబట్టి అసలు సాయమే తప్పని నేను అనడం లేదు.

ఎగుమతి గురించి ఈజిప్ట్ తివాచీల ప్రయోగం నాకు భలే నచ్చింది. ఫువా అనే ఊళ్లో చిన్న చిన్న నేతగాళ్లలో కొందరికి, లాటరీ తీసినట్టుగా ఎంచి, విదేశీ ఆర్డర్లు ఇప్పించారు. వాళ్ల లాభం 16 నుంచి 26 శాతం పెరిగింది. తర్వాత ఆర్డర్లు దొరికినవాళ్లనీ దొరకనివాళ్లనీ కూర్చోబెట్టి ఒకే రకం తివాచీ నేయిస్తే, ఎగుమతి చేసినవాళ్లది నాణ్యతలో మెరుగ్గా ఉంది, టైమ్ కూడా ఎక్కువ పట్టలేదు. సబ్సిడీ ఇచ్చి స్టాల్ పెట్టించే ఎగ్జిబిషన్ల కంటే ఒక పట్టు పట్టే కొనుగోలుదారుడు ఎంత నేర్పిస్తాడో ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ నాకు దొరకలేదు.

మరో చిక్కు, కొత్తది మన దగ్గర పుట్టినా హక్కు ఎవరిది? కెన్యాలో 2007లో మొదలైన ఎం-పెసాని ప్రపంచమంతా మెచ్చుకుంది. మొబైల్ షాపుల్లో ఏజెంట్లని పెట్టి డబ్బు పంపే ఆ పద్ధతిని నిలబెట్టింది కెన్యా టెలికాం కంపెనీ సఫారీకామ్, బ్రిటిష్ ప్రభుత్వ గ్రాంట్ సాయం చేసింది. మేధో హక్కులు మాత్రం బ్రిటన్ కంపెనీ వొడాఫోన్ దగ్గర ఉన్నాయి, సఫారీకామ్ లైసెన్స్ ఫీజు కట్టింది. 2020లో సఫారీకామ్, వొడాఫోన్ గ్రూపులోనే ఉన్న దక్షిణాఫ్రికా కంపెనీ వొడాకామ్ కలిసి ఆ హక్కులు కొనుక్కునేదాకా అదే పరిస్థితి. వొడాఫోన్ రాకపోతే ఎం-పెసా వచ్చేదా అంటే బహుశా వచ్చేది కాదు, అందుకే ఇది తిట్టి వదిలేసే వ్యవహారం కాదు. జాయింట్ వెంచర్ సంతకాల రోజే, ఇక్కడ పుట్టే మెరుగుదలల మీద హక్కు ఎవరికి ఎంత అని రాసుకోవాలి, అంతే.

"మా చేతులు డబ్ల్యూటీఓ (ప్రపంచ వాణిజ్య సంస్థ) కట్టేసింది" అని మీరంటారు. కొంత నిజమే. స్థానిక సరుకు ఇంత శాతం వాడితీరాలని షరతు పెట్టడానికి 1995 నుంచి ట్రిమ్స్ ఒప్పందం, అంటే పెట్టుబడి షరతుల మీద ఆ సంస్థ పెట్టిన నిబంధనలు, అడ్డు. కానీ సింగపూర్ 1986లో చేసిన పనిని ఎవరూ అడ్డుకోరు. బహుళజాతి కంపెనీలో అనుభవం ఉన్న ఇంజినీర్‌ని స్థానిక సప్లయర్లని పైకి తెచ్చే పనిమీద పెట్టారు, అతని జీతం ప్రభుత్వం కట్టింది. మలేషియాలోని పెనాంగ్‌లో 1989లో కంపెనీలూ ప్రభుత్వమూ కలిసి నైపుణ్య కేంద్రం పెట్టాయి, ఏం నేర్పాలో చెప్పింది కంపెనీలే. పేటెంట్ల విషయంలో అత్యంత వెనుకబడిన దేశాలకు ట్రిప్స్ (డబ్ల్యూటీఓ మేధో హక్కుల ఒప్పందం) నుంచి 2034 జులై దాకా వెసులుబాటు ఉంది, దాన్ని వాడుకోకుండా ద్వైపాక్షిక ఒప్పందాల్లో సంతకం పెట్టి పోగొట్టుకోవద్దు.

ఏరు దాటాక తెప్ప తగలేసే కంపెనీలు ఎప్పుడూ ఉంటాయి. కోస్టారికాలో 1998లో ఉత్పత్తి మొదలుపెట్టిన ఇంటెల్, 2014లో అసెంబ్లీ, టెస్టింగ్ లైన్లు ఆసియాకు తరలిస్తానంది, సుమారు 1,500 ఉద్యోగాలు పోయాయి. అయినా ఇంజినీరింగ్ పని అక్కడే మిగిలింది, ఇప్పుడు ఆ దేశపు ఎగుమతుల్లో అగ్రస్థానం వైద్య పరికరాలది. పరిశ్రమకు పనికొచ్చే ఇంజినీర్లు, టెక్నీషియన్లు ముందే తయారై ఉండబట్టే ఇది కుదిరింది.

కాబట్టి అడిగేది పెద్దదేమీ కాదు. ఐదేళ్లు దాటిన ప్రతి పెద్ద ఎంఓయూకి సంబంధించి, ఆ కంపెనీ స్థానికంగా ఎంత సరుకు కొంటోంది, ఎంతమంది సప్లయర్ల దగ్గర కొంటోంది, అక్కడ పనిచేసి బయటికొచ్చినవాళ్లలో ఎంతమంది సొంత కంపెనీ పెట్టారు అనే వివరాలు మీ శాఖ వెబ్‌సైట్‌లో పెట్టించండి. రాయితీని మళ్లీ పొడిగించమని ఫైల్ వచ్చినప్పుడు ఆ వివరాలు చూసి సంతకం పెట్టండి. వచ్చే బడ్జెట్‌లోపు యంత్రాలు, విడిభాగాల సుంకాల పట్టిక ముందేసుకుని, ఒక్కో వరస ఎవరు అడిగితే చేరిందో అధికారులని అడగండి.

ఇట్లు,
ఈ వార్తలు వదలకుండా చదివే ఒక పౌరుడు