చిన్నోడికి అమ్మ రాసేది

చిన్నోడా,

ప్రభువు నామంలో శుభములు. ఇక్కడ అందరం బాగున్నాం. చలికి నాన్నగారి మోకాలు పట్టేస్తోంది, అయినా గుడి గంట తనే కొట్టాలంటారు. పత్తి ఏరడానికి కూలీలు దొరకట్లేదు. పెద్దోడి కొడుక్కి ముందు పళ్ళు రెండూ ఊడాయి, నీ చిన్నప్పటి మొహమే.

సుగుణ పిన్ని పట్నం నుంచి వచ్చింది. మీ సంఘానికి కూడా వెళ్ళిందట. గేటు దగ్గర పెద్ద ఫ్లెక్సీ, దాని మీద నీ ఫొటో, కింద 'యూత్ లీడర్' అని ఉందట. సంతోషం. ఇస్త్రీ లేని చొక్కాతో ఫొటో ఎందుకు దిగావు? పిన్ని ఇంకో మాట కూడా చెప్పింది. అది తర్వాత రాస్తాను.

చర్చి ఆడవాళ్ళ సంఘం, మా స్త్రీల మైత్రి వాళ్ళం ఈసారి క్రిస్మస్‌కి చీరలు పంచొద్దనుకున్నాం. ఆ డబ్బుతో చర్చి బోరు మోటారు బాగు చేయిస్తున్నాం. చిట్టెమ్మత్తకి కోపం వచ్చింది కానీ తగ్గుతుంది.

సరే, చెప్పేస్తాను. కుర్చీలు సరిగా వేయలేదని అక్కడి పెద్దాయన్ని నువ్వు మైకులోనే కసిరావట. ఆయన తల దించుకుని మళ్ళీ సర్దాడట. పిన్నికి ఒకటికి రెండు చేసి చెప్పే అలవాటుంది, నీకూ తెలుసు. మా చిన్నోడు అలాంటివాడు కాదని గట్టిగానే అన్నాను. కానీ అప్పటినుంచి నువ్వు ఫోన్ ఎత్తవు, చేస్తే 'మీటింగ్‌లో ఉన్నా' అని మెసేజ్. ఇంకేమనుకోవాలి?

తిట్టడానికి రాయట్లేదు. మీ తాతయ్య సంగతి ఒకటి గుర్తొచ్చింది, అంతే.

తాతయ్యకి కుర్రతనంలో పాటంటే ప్రాణం. గుడిలో ముందు నిలబడి పాట ఎత్తుకోవాలని ఒకటే ఆశ. ఊళ్ళో ప్రార్థనలు నడిపే ఉపదేశిగారు ఆయనకి అప్పగించిన పని మాత్రం పెట్రోమాక్సు దీపం వెలిగించడం. మొదటి రోజే అందులో వెలిగే జాలీ, ఆ మాంటిల్‌ని పొడి చేసేశాడు, గూడెమంతా చీకట్లో ప్రార్థన చేసింది. తర్వాత ఇంటింటికీ తిరిగి గుప్పెడు బియ్యం పోగుచేసే పని. వంట చేసే ముందు ఆడవాళ్ళు దేవుడి పేరున తీసిపెట్టే బియ్యం, నీకు తెలిసిందే. ఏ ఇంట్లో గింజ లేకపోయినా తాతయ్యకే ముందు తెలిసేది. అది చూసి ఉపదేశిగారు ఆయన్ని వెంటబెట్టుకుని రోగుల ఇళ్ళకి తిరగడం మొదలుపెట్టారు. చెరువు కట్ట కింద ఒక ముసలామెకి నీళ్ళు మోసే పని కూడా తాతయ్యదే.

ఒక శనివారం సాయంత్రం ఉపదేశిగారు 'నేను పక్క ఊరు వెళ్తున్నా, ప్రార్థన నువ్వు నడిపించు' అని సైకిలెక్కేశారు. తాతయ్య లేచి నిలబడితే నోరు ఎండిపోయింది, కీర్తన చదువుతూ వరస తప్పాడు. అప్పుడు ఆ ముసలామె కూర్చున్నచోటు నుంచే పాట ఎత్తుకుంది, అందరూ అందుకున్నారు. మర్నాడు ఉపదేశిగారు ఎలా చదివావని అడగలేదు. 'రాత్రి ఎవరు రాలేదు? వాళ్ళింటికి వెళ్ళావా?' అన్నారు. తాతయ్య పెద్దవాడయ్యాక కూడా ఎక్కడికెళ్ళినా పక్కన ఇద్దరు కుర్రాళ్ళు ఉండాల్సిందే. పెట్రోమాక్సు మాత్రం మొదట వాళ్ళ చేతికి ఇచ్చేవాడు కాదు, ఖర్చని.

మన డోర్నకల్ డయోసిస్ వాళ్ళకి ఇది కొత్త కాదు. మన మొదటి బిషప్ అజరయ్యగారి గురించి సండే స్కూల్లో గడగడా అప్పజెప్పావు గదా. 1912లో కలకత్తాలో అభిషేకం, ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు. అంతటాయన బండి కట్టుకుని పల్లెలు తిరిగి, బాప్తిస్మం తీసుకునేవాళ్ళ చేత వాళ్ళ తల మీద వాళ్ళే చెయ్యి పెట్టుకుని, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అనిపించేవారు. అయ్యగార్ల చేతే కాదు, కూలి పనికి పోయేవాళ్ళ చేత కూడా. మీ ముత్తాత ఏమన్నా చదువుకున్నాడా?

అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం మళ్ళీ చదువు. ఆ ఏడుగుర్ని ఎన్నుకున్నది విధవరాళ్ళకి రోజూ పంచేది సరిగా అందేలా చూడ్డానికి. మొదటి హతసాక్షి స్తెఫను వాళ్ళలో ఒకడు. చూడు, ఉపదేశం వద్దనుకుంటూనే ఉపదేశం చేస్తున్నాను. నాన్నగారు పక్కనుంచి 'ఇక చాలు, వాడికి తెలుసులే' అంటున్నారు. తెలిస్తే ఆ పెద్దాయన ఇంటికి ఈపాటికి వెళ్ళుండాలి.

నువ్వు ఊళ్ళో లేని ఆదివారం నీ పని ఎవరు చేస్తున్నారు? ఎవరికైనా నేర్పావా? నేర్పి ఉంటే ఆ పిల్లల పేర్లు రాయి, నా ప్రార్థనలో పెట్టుకుంటాను. నేర్పకపోతే ఈ వారమే ఇద్దరిని చూసుకో. ఫ్లెక్సీ మీద నీ ఫొటో ఒక్కటే ఎందుకని నేను అడగను, పిన్ని అడిగింది.

వేళకి తిను. రాత్రి పన్నెండింటికి బిర్యానీ ఏంటి? స్వెట్టర్ పెట్టెలో అడుగున ఉంది, తీసి వేసుకో.

ఆర్టీసీ కార్గోలో రెండు డబ్బాలు పంపిస్తున్నాను. మూతకి ఎర్ర దారం కట్టినది నీది. రెండోది ఆ పెద్దాయనకి. నువ్వే ఆయన ఇంటికి తీసుకెళ్ళి ఇవ్వు, ఇంకెవరితోనూ పంపకు, కాస్త కూర్చుని రా. రెండిట్లోనూ అరిసెలే ఉన్నాయి, ఆయనకి షుగర్ ఉందేమో ముందు కనుక్కో. ఉంటే చెప్పు, జంతికలు పంపిస్తాను.

అమ్మ