వదిలేస్తున్నాం కదా అంటే సరిపోదు

సంపాదకుడు గారికి నమస్కారం.

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో నాకు తెలిసిన తెలుగువాళ్లలో చాలామందికి చేపలు పట్టే సరదా ఉంది. సంతోషమే. కానీ చలికాలంలో హో, సోల్‌డక్ నదులకు వెళ్లి, చేతికి చిక్కిన వైల్డ్ స్టీల్‌హెడ్‌ను (నదిలోనే సహజంగా పుట్టిన ఒక రకం ట్రౌట్ చేపను) గులకరాళ్ల ఒడ్డున పైకెత్తి దిగిన ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో చూస్తుంటే మనసు కలుక్కుమంటోంది.

మన పులసలాగే ఇదీ సముద్రంలో పెరిగి గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుతూ వస్తుంది. అదృష్టం బాగుండి బతికితే, మళ్లీ సముద్రానికి పోయి ఇంకోసారి రాగలదు. పసిఫిక్ సాల్మన్‌కు ఆ అవకాశం లేదు. ఈ రాష్ట్రంలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ ప్యూజెట్ సౌండ్. అక్కడి నదులకు వచ్చే స్టీల్‌హెడ్‌ను 2007లోనే ముప్పున్న జాతుల జాబితాలో చేర్చారు. హో, సోల్‌డక్ లాంటి కోస్తా నదుల్లోనూ చేపల రాక తగ్గడంతో 2020 డిసెంబరులో పడవ మీంచి పట్టడాన్నీ, ఎర వాడకాన్నీ ఆపేశారు.

"పట్టినా వదిలేస్తున్నాం కదా" అంటారు. అలా వదిలిన వాటిలోనూ పదింట ఒకటి చనిపోతుందన్న అంచనాతోనే అధికారులు లెక్కలు వేస్తారు. పైగా చేపలు తగ్గేకొద్దీ ఒకే చేప పదేపదే గాలానికి పడుతుంది.

అలాగని వేట మొత్తం మూసేయాలని నేను అనను. ఫోర్క్స్‌లాంటి చిన్న ఊళ్లలో గైడ్లకు, మోటళ్లకు శీతాకాలంలో నాలుగు డబ్బులు వచ్చేది ఈ చేపతోనే. అడవి నరికినా, నీళ్లు మురికైనా ముందు గొంతెత్తేది గాలం వేసేవాళ్లే. వాళ్లు దూరమైతే నది గోడు వినేవాళ్లు తగ్గిపోతారు. అయితే అమెరికా ప్రభుత్వంతో చేసుకున్న ఒప్పందాల్లో తమ హక్కు నిలుపుకున్న ఆదివాసీ తెగల వేటను మన సరదాతో ఒకే గాటన కట్టకూడదు.

స్కాజిట్ నదిలో ఏళ్ల తరబడి మూసిన వేటను 2018లో తిరిగి తెరిచారు. ఎన్ని చేపలు వస్తాయన్న అంచనాను బట్టే అక్కడ వేటవల్ల ఎన్ని చేపలు చనిపోవడాన్ని అనుమతించాలో నిర్ణయిస్తారు. కోస్తా నదులన్నిటికీ ఇదే పద్ధతి పెట్టాలి. చాలినన్ని చేపలు రావనుకున్న ఏడాది గాలం వేయనివ్వకూడదు.

కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఒక్క మాట. హేచరీ (చేపపిల్లల్ని పుట్టించి పెంచే కేంద్రం) చేపకు వెన్నురెక్కకూ తోకకూ మధ్య ఉండే చిన్న కండరెక్కను పిల్లగా ఉన్నప్పుడే కత్తిరిస్తారు. వేలితో తడిమితే మానిన మచ్చ తగులుతుంది. ఆ రెక్క ఉంటే అది ఏట్లో పుట్టిన చేపని లెక్క. వదిలేయాల్సిన చేపను నీళ్లలోంచి పూర్తిగా పైకెత్తడం ఇక్కడ చట్టవిరుద్ధం. నీళ్లలోనే ఉంచి గాలం తీసేయండి, ఫొటో లేకపోయినా ఫరవాలేదు. ఇంటికి తెచ్చి పులుసు పెట్టుకోవాలనుంటే కౌలిట్జ్ నదిలో హేచరీ స్టీల్‌హెడ్ దొరుకుతుంది.

- ఒక పాఠకుడు, రెడ్‌మండ్, వాషింగ్టన్